అన్నదానానికీ వారసులు కావాలి

పెళ్లిలో మిగిలిన అన్నం పారబోయాలని ఏ ఇంటివాళ్లూ అనుకోరు. కానీ రాత్రి పదకొండు గంటలకు ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి, బండి ఉండాలి, శుభ్రమైన గిన్నెలుండాలి, తినేవాళ్లు ఎక్కడున్నారో తెలిసుండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ అన్నం చెత్తబండి ఎక్కాల్సిందే. అయినా ఆకలి తీర్చే సంస్థలను మనం దాతల ఔదార్యంతోనే కొలుస్తున్నాం. చూడాల్సింది రవాణాలో వాటి నేర్పు. ఆ నేర్పును నడిపేవారు ఎంతమందికి అప్పగించారన్నది ఇంకా ముఖ్యం.

2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారాన్ని వృథా చేసిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనా. మన దేశంలో మిగులు ఆహారం సేకరణ, పంపిణీకి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లోనే నిబంధనలు తెచ్చింది. అయితే వండిన అన్నం నిబంధన కోసం ఆగదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మక్రిములు చకచకా పెరుగుతాయి. గది వాతావరణంలో రెండు గంటలు దాటితే దానమే ప్రమాదంగా మారవచ్చు. ఏది తీసుకోవాలి, దేన్ని నిర్మొహమాటంగా వద్దనాలి అన్న వివేకం పనిలో, పెద్దల పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

ఫుడ్ బ్యాంకుల పితామహుడిగా పేరొందిన జాన్ వాన్ హెంగెల్ జీవితం చెప్పేదీ ఇదే. అమెరికాలోని ఫీనిక్స్‌లో సూపర్‌మార్కెట్లు పారేస్తున్న పదార్థాలను సేకరించి, ఆయన 1967లో సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంకును ప్రారంభించారు. అక్కడితో ఆగి ఉంటే ఒక ఊరి పుణ్యాత్ముడిగా మిగిలేవారు. ఇతర నగరాల వారికి ఆ పద్ధతి నేర్పడాన్నే తర్వాత తన వృత్తిగా చేసుకున్నారు. అలా 1979లో ఏర్పడిన సెకండ్ హార్వెస్ట్ వ్యవస్థే నేటి ఫీడింగ్ అమెరికా. ఆయన 2005లో కన్నుమూశారు, గిడ్డంగులు మూతపడలేదు.

మనకూ ఇలాంటి ఉదాహరణ ఉంది. జిల్లెళ్లమూడి అమ్మ అనసూయాదేవి 1958లో అన్నపూర్ణాలయం నెలకొల్పారు. 1985లో ఆమె వెళ్లిపోయాక కూడా అక్కడ విస్తరి వేయడం ఆగలేదు. వండేవారు, వడ్డించేవారు, సరుకు చూసేవారు తరం తర్వాత తరం తయారైనచోటే ఇది సాధ్యం.

ఎన్టీపీసీ టౌన్‌షిప్ జ్యోతినగర్‌లో, పనిని తర్వాతివారికి అప్పగించే ఈ విద్యకు కొరత లేదు. సింగరేణి గనుల నుంచి ఎన్టీపీసీ బాయిలర్ల దాకా బొగ్గు ఆగకుండా చేరాలంటే లోడింగ్, రైలు, అన్‌లోడింగ్ ఒకదానికొకటి అందుకోవాలి. గనిలోకి కొత్తగా వచ్చిన కార్మికుడికి ముందు వృత్తి శిక్షణ ఇవ్వాలని 1966 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ తర్వాత గని పర్యవేక్షకులైన సర్దార్, ఓవర్‌మన్ కనుసన్నల్లోనే అతను పని నేర్చుకుంటాడు. షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి సంగతులు అప్పగించి వెళతాడు. ఇంత క్రమశిక్షణ ఒంటబట్టినవారు ఏటా రిటైరవుతున్నారు. ఫంక్షన్ హాళ్లు, హాస్టళ్లు, కాంట్రాక్టు కార్మికుల బస్తీల మధ్య ఆహారం నడిపే వ్యవస్థకు వీరికన్నా సమర్థులు దొరకరు.

సామాజిక బాధ్యత నిధులతో వ్యాన్ కొని జెండా ఊపడం తేలిక. ఆ వ్యాన్ డ్రైవర్‌కు ఎవరు శిక్షణ ఇచ్చారు, అధికారి బదిలీ అయితే ఎవరు చూస్తారు అన్న ప్రశ్నలకే సాధారణంగా జవాబుండదు. నిధుల్లో కొంత భాగాన్ని జీతమిచ్చి కుర్రాళ్లను తీర్చిదిద్దడానికి కేటాయించాలి. రిటైరైన ఓవర్‌మన్ పక్కన ఇద్దరు యువకులు ఏడాదిపాటు పనిచేస్తే, రూట్లు, రిజిస్టర్లు, ఉష్ణోగ్రతల లెక్కలు వాళ్ల చేతికొస్తాయి.

మిగులు అన్నం పంచితే ఆకలి సమస్య తీరిపోతుందా అని అడిగేవారున్నారు. వారి సందేహం న్యాయమైనదే. రేషన్ బియ్యం 2013 ఆహార భద్రతా చట్టం ఇచ్చిన హక్కు, కాంట్రాక్టు కార్మికుడికి సరైన వేతనమూ హక్కే. వాటికి ఇది ప్రత్యామ్నాయం కాదు, కారాదు. పారబోతను ఆపే పనిగా మాత్రం దీనికి సాటి లేదు.

అందుకే ఇలాంటి సంస్థకు సాయం చేసే ముందు దాతలు ఎన్ని ప్లేట్లు పంచారని మాత్రమే అడిగి ఊరుకోకూడదు. నడిపే పెద్దాయన నెల రోజులు ఊళ్లో లేకపోతే బండి వేళకు బయల్దేరుతుందా అని కూడా అడగాలి. ఔనని చెప్పగలిగిన సంస్థకే చెక్కు రాయాలి.