కూపన్ తల్లికి, చాకిరీ ఆయాకి

దోమలగూడ అపార్టుమెంట్లలో పొద్దున్నే ఇద్దరు ఆడవాళ్లు మెట్ల మీద ఎదురుపడుతుంటారు. టిఫిన్ డబ్బాతో ఆఫీసుకి దిగే ఉద్యోగిని ఒకరు. ఆమె బిడ్డని ఎత్తుకోవడానికి పైకెక్కే ఆయా ఇంకొకరు. ఎక్కే ఆమె తన బిడ్డని ఎక్కడ వదిలొచ్చిందో ఎవరూ అడగరు.

ఆయా ఖర్చుకి యాజమాన్యం నెలనెలా కూపన్లిస్తే చాలదా అంటున్నారు కొందరు. బ్రిటన్‌లో ఇచ్చారుగా అంటారు. నిజమే, జీతంలో కొంత పన్ను లేకుండా శిశు సంరక్షణ కూపన్లుగా తీసుకునే వీలు అక్కడ ఉండేది. 2018 అక్టోబరులో కొత్తవారిని చేర్చుకోవడం ఆపేశారు. మనవాళ్లు చెప్పని సగం వేరే ఉంది. ఆయా అధికారికంగా నమోదై ఉంటేనే ఆ కూపన్ చెల్లుతుంది. ఆమెని పెట్టుకున్న తల్లిదండ్రులు చట్టం దృష్టిలో యజమానులు. కనీస వేతనం, జీతంతో సెలవులు ఇచ్చి తీరాలి. మనకి కూపన్ కావాలి, షరతులు మాత్రం వద్దు!

ఇక్కడ చట్టం చెప్పింది కూపన్ కాదు, క్రెష్. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్ల సంఖ్యని బట్టి క్రెష్ పెట్టమంది. 1976 సవరణతో ఆ సంఖ్య 30 అయింది. 30 దాటకుండా చూసుకుంటే యజమానికి బెడద ఉండేది కాదు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, ఆడామగా కలిపి 50 మంది ఉన్న ప్రతి సంస్థలోనూ క్రెష్ ఉండాలన్నారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చన్నారు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ ఏర్పాటు ఉంది. కూపన్ చేతిలో పెట్టారంటే ఆ బాధ్యత తిరిగి మన వంటింట్లోకే వచ్చి పడుతుంది. ఆయా రాని రోజు సెలవు పెట్టేది తల్లే కదా, తండ్రి కాదు.

మరి ఆయా? ఇంటిపనివారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికకి మన దేశం ఓటు వేసింది, ఇంతవరకూ ధ్రువీకరించలేదు. అంగన్‌వాడీలోనూ ఆయా ఉంది. ఆమెకిచ్చేదాన్ని జీతం అనరు, ‘గౌరవ వేతనం’ అంటారు. ఆ గౌరవం ఏపాటిదో తెలియాలంటే ఇందిరాపార్కు ధర్నాచౌక్ దోమలగూడకి నడిచిపోయేంత దూరమే.

‘మా ఇంట్లో మనిషిలా చూసుకుంటాం’ అంటారు. ఇంట్లో మనిషికి వారపు సెలవుండదు, జీతం పెంచమని అడిగే నోరూ ఉండదు. పండక్కో పాత చీర ఉంటుంది.

కూపనే ఇస్తామంటే ఇవ్వనివ్వండి. దాని మీద ఆయా పేరు, జీతం, పనిగంటలు, వారపు సెలవు రాసి ఉండాలి. ఇక క్రెష్ అంటూ పెడితే అందులో ఆమె బిడ్డకీ ఒక ఉయ్యాల కావాలి.