ఏటిగట్టు వంటి ఆటగాడు

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వాన భారత ఫుట్‌బాల్ జట్టు జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్య పతకం గెలిచింది. ఆ క్రీడలలో ఫుట్‌బాల్‌కు మనకు దక్కిన చివరి పతకం అదే. ఆయన గోల్స్ కొట్టి కీర్తి గడించినవాడు కాడు; వెనుక నిలిచి ఎదుటివారి దాడులను ఆపిన బ్యాక్ ఆటగాడు. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా 1990లో ద్రోణాచార్య పురస్కారాలు ఆయనను వరించాయి.

మన కళాశాల బహుమతి మాత్రం ఏటేటా గోల్ కొట్టినవానికే. గోదావరి పొంగిననాడే కదా ఏటిగట్టు విలువ తెలిసేది! జట్టుకు బ్యాక్ ఆటగాడు అటువంటి గట్టు. కావున రాబోవు వార్షికోత్సవమున అతనికీ ఒక బహుమతి నెలకొల్పవలసినదిగా కమిటీ పెద్దలను కోరుచున్నాము. విద్యార్థి సోదరులారా, వెనుక నిలుచుట వెనుకబాటు కాదని మా విశ్వాసం.