ఎవరో, ఎవరైనా, ఎవరూ

పోర్చుగీసు వ్యాకరణంతో మనకేమి పని అని విద్యార్థులు అడగవచ్చు. ఇంట్లోని అల్మారా, నీళ్లు తోడే బాల్టీ, ఇల్లు కట్టే మేస్త్రీ — ఈ మాటలను మనకు అరువిచ్చిన భాష అది. అయితే మేమిక్కడ ప్రస్తావింపదలచినది అరువును గురించి కాదు. బ్రెజిల్ దేశపు మాధ్యమిక తరగతులలో పిల్లలచేత అనిశ్చయార్థక సర్వనామాలను అభ్యాసం చేయించే తీరును గురించి.

ఆ అభ్యాసాలలో తరచుగా కనిపించే ప్రశ్న ఇది: సర్వనామం క్రింద గీత గీయుము, రూపం మారునదో, మారనిదో వ్రాయుము. ‘ఆల్గేం’, ‘నింగేం’, ‘తూదు’, ‘నాద’ అనేవి మారవు. ‘అల్గుం’ లింగవచనాలననుసరించి నాలుగు రూపాలు ధరిస్తుంది. ‘క్వాల్‌కేర్’ అనే మాట బహువచన చిహ్నాన్ని చివర గాక నడుమ ఇముడ్చుకొని ‘క్వాయిస్‌కేర్’ అవుతుంది. ముచ్చటైన విశేషమే.

ఇవి కంఠస్థం చేయదగినవే, కాదనము. కాని పట్టిక వచ్చినంత మాత్రాన వాక్యం వచ్చినట్లు కాదు. ‘అల్గుం లీవ్రు’ అంటే ఏదో ఒక పుస్తకం. ఆ మాటే నామవాచకం వెనుకకు జరిగి ‘లీవ్రు అల్గుం’ అయితే, ఏ పుస్తకమూ లేదని అర్థం తలక్రిందులవుతుంది. ఒడంబడికలలో, హెచ్చరికలలో కనిపించే ‘ఎం ఇపోతెజి అల్గుమ’ అనే పలుకుబడికి ‘ఎట్టి పరిస్థితిలోనూ కూడదు’ అని తాత్పర్యం. ఇంట ఆ పలుకుబడి వినని బాలుడు, గీతలు గీసి పూర్తి మార్కులు పొందినవాడే, రేపు అద్దెపత్రంలో దానిని ‘ఏదో ఒక సందర్భంలో’ అని చదువుకొంటే ఆ మార్కులు వానిని కాపాడవు.

కనుక మాటను ముందుకూ వెనుకకూ జరిపించి, అర్థమెట్లు మారినదో పిల్లవానిచేత చెప్పించాలి. ‘ఎవరూ రాలేదు’ అనడానికి ‘నింగేం’ క్రియకు ముందుంటే వేరే నిషేధపదం అక్కరలేదు. క్రియ తరువాత వస్తే ‘నావ్’ అనే నిషేధం ముందు చేరి తీరాలి. ఇటువంటిది గీతలతో రాదు.

ఈ విషయం మన కళాశాలకు దూరమైనది కాదు. ‘ఎవరో వచ్చారు’, ‘ఎవరైనా వచ్చారా?’, ‘ఎవరూ రాలేదు’ అని తెలుగు మూడు రూపాలు వాడుతుంది. మొదటి రెంటికీ పోర్చుగీసు ‘ఆల్గేం’ ఒక్కటే చాలునంటుంది. మూడవదానికి ‘నింగేం’ ఉన్నది. ఉర్దూ మూటినీ ‘కోయీ’తోనే నెట్టుకొస్తుంది: ‘కోయీ ఆయా’, ‘కోయీ ఆయా?’, ‘కోయీ నహీఁ ఆయా’. అందుచేతనే ఇంట ఉర్దూ మాట్లాడే విద్యార్థి ‘ఎవరో వచ్చారా?’ అని అడిగితే అది మందబుద్ధి కాదు, మాతృభాష వేసిన ముద్ర. దానిని ఎర్రసిరాతో కొట్టివేసి ఊరుకోక, ఒక్క ‘కోయీ’ క్రింద మూడు తెలుగు వాక్యాలు వానిచేతనే వ్రాయించాలని మా అభిప్రాయం. దానికి పది నిమిషాలు పట్టవు. నల్లబల్ల, సుద్దముక్క చాలు.