కంప్యూటర్ పెట్టె కొనేటప్పుడు తూకం కూడా అడగండి

గత వేసవిలో అద్దె ఇల్లు మారుతూ నా డెస్క్‌టాప్‌ను మూడో అంతస్తు నుంచి దించాల్సి వచ్చింది. లిఫ్టు లేదు. కాస్త బరువు తగ్గుతుంది కదా అని పక్కనున్న గాజు పలకను విప్పి, గోడవార నేల మీద నిలబెట్టాను. టైల్స్ నేల. టప్పుమని పేలి, జొన్నగింజలంత ముక్కలై హాలంతా పరుచుకుంది. చెప్పుల్లేకుండా తిరిగే ఇంట్లో ఆ ముక్కల్ని ఏరడానికి పూటంతా పట్టింది.

దాన్ని చేతి నుంచి జారవిడవలేదు. టెంపర్డ్ గాజును పైపొర ఒత్తిడిలో, లోపలి భాగం లాగుడులో ఉండేలా తయారుచేస్తారు. అందుకే మధ్యలో అరచేత్తో చరిచినా తట్టుకుంటుంది. అంచున పింగాణీ టైలు లాంటి గట్టి వస్తువు చిన్న గాటు పెడితే మాత్రం లోపల దాగిన శక్తి ఒక్కసారిగా విడుదలవుతుంది. టైల్స్ నేలలే ఎక్కువగా ఉన్న మన ఇళ్లకు ఈ గాజు పెట్టెలెందుకన్నది నా ప్రశ్న. రంగు దీపాలు కనిపించడానికే అయితే, ఆ సరదా ఖరీదు ఎక్కువే.

బరువు సంగతి చూద్దాం. 45 సెంటీమీటర్ల చదరపు పలక 4 మిల్లీమీటర్ల గాజుదైతే సుమారు 2 కిలోలు. అదే 0.7 మిల్లీమీటర్ల ఉక్కు రేకైతే 1.1 కిలో. అల్యూమినియం సాగే గుణంలో ఉక్కుకు మూడో వంతే గట్టిది, నిజమే. కానీ రేకు వంగకుండా నిలిచే శక్తి మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి 1 మిల్లీమీటరు అల్యూమినియం రేకు ఆ ఉక్కు రేకంత బిగువుగా ఉంటూ, దాదాపు 550 గ్రాములే తూగుతుంది.

అయితే ‘అల్యూమినియం పెట్టె చల్లగా ఉంచుతుంది’ అన్న మాటకు అదనంగా డబ్బు పెట్టకండి. వేడి బయటికి పోకుండా ఆపేది లోహం కాదు, దాన్ని అంటిపెట్టుకున్న గాలి పొర. ఆ పొర నిరోధం ముందు పలుచని రేకు నిరోధం వేల రెట్లు తక్కువ. ఉక్కయినా, అల్యూమినియమైనా తేడా తెలియదు.

చల్లబరిచేది ప్రవాహం. లోపలి భాగాలు 300 వాట్ల వేడి పుట్టిస్తుంటే, లోపలికి వచ్చిన గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు దాదాపు 25 లీటర్ల గాలి పారాలి. అంటే 50 లీటర్ల విశాలమైన పెట్టెలో కూడా రెండు సెకన్లకోసారి గాలంతా మారాలి! ముందువైపు జాలీ లేకుండా మూసేసిన పెట్టె ఎంత పెద్దదైనా వృథాయే. జాలీ వెనక దుమ్ము వడపోత ఉండాలి, అది చేత్తో లాగితే ఊడి రావాలి. మన వీధుల దుమ్ముకు నెలకోసారైనా కడగక తప్పదు.

మరి విశాలత ఎందుకు? చేతులు పట్టడానికి, వైర్లు గాలికి అడ్డం రాకుండా మళ్లించడానికి. ఏటీఎక్స్ మదర్‌బోర్డు 305×244 మిల్లీమీటర్లు. పెద్ద గ్రాఫిక్స్ కార్డులు 300 మిల్లీమీటర్లు దాటుతున్నాయి, నిలువు కూలర్లు 160 దాకా ఎత్తుంటాయి. ఈ కొలతలు పెట్టె వివరాల్లో దొరుకుతాయి. ఖాళీ పెట్టె బరువును కొన్న తర్వాత చేతులతో తెలుసుకునేవాళ్లే ఎక్కువ. దుకాణదారుణ్ణి ముందే అడగాలి.

నా పాత పెట్టెను పారేయలేదు. కిటికీలు చేసే అల్యూమినియం షాపులో కొలత ఇచ్చి రేకు కోయించి, గాజు స్థానంలో మరలతో బిగించాను. కిలోన్నర దాకా తగ్గింది.