ఓడ మీద తీరిక



పిల్లలు చదువుకొని హైదరాబాదులోనో పూణెలోనో స్థిరపడిన తరువాత ఊళ్లో ఉన్న తల్లిదండ్రులను సంతోషపెట్టాలని ఏదో ఒకటి చేస్తుంటారు. ఒకప్పుడు అది పట్టుచీర, చేతి గడియారం. ఇప్పుడు కొందరు ఏకంగా విహార ఓడకే టికెట్లు కొంటున్నారు. "అమ్మగారూ, విశ్వాసులు అట్లాంటి ఓడ ఎక్కవచ్చునా? అక్కడ జూదం ఉంటుందట, నాట్యాలు ఉంటాయట" అని స్త్రీల కూడికలో నన్ను అడిగినవారున్నారు.

నా జవాబు ముందే చెబుతాను. జూదపు గది ఉంటే ఉండనీ, దాని తలుపు దాటమని మనలను ఎవరూ బలవంతం చేయరు. సంతకు పోయినప్పుడు కల్లు దుకాణం ముందునుండే పోతాము గదా! అప్పు చేసి పోవడం మాత్రం నాకు ఇష్టం లేదు. పంటకు తెచ్చిన బాకీ నెత్తిమీద ఉండగా ఓడ ఎక్కినవానికి ఎంత మెత్తటి పరుపు మీదనైనా నిద్ర పట్టదు. పిల్లలు తమ కష్టార్జితంలో మిగిల్చి ఇస్తే పుచ్చుకోవడానికి మొహమాటం అక్కరలేదు.

మన దేశపు రేవుల నుండి ఈ ప్రయాణాలు ఈమధ్యనే ఎక్కువైనవి. 2021 సెప్టెంబరులో కొర్డీలియా అనే కంపెనీ ముంబయి నుండి ఎంప్రెస్ అనే ఓడను నడపసాగింది. 1990లో ఫ్రాన్సులో కట్టిన ఆ ఓడకు 11 అంతస్తులు. 2022 జూన్‌లో అది మన విశాఖపట్నం నుండి కూడా పుదుచ్చేరి, చెన్నైల వైపు బయలుదేరింది. 2023లో విశాఖలో విహార ఓడల కొరకే ఒక టెర్మినల్‌ను ప్రారంభించారు. డోంగ్లి, మద్నూర్ వైపు ఉన్న మనకైతే విశాఖ కంటె ముంబయే దగ్గర. నిజామాబాద్ చేరి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మరునాటికి ముంబయిలో దిగవచ్చు.

మా పెద్దక్క, బావగారు అట్లాగే పోయారు. 2023 జనవరిలో, ముంబయి నుండి లక్షద్వీపాలకు, నాలుగు రాత్రుల ప్రయాణం. వారి మొదటి రెండు రోజుల సంగతి అక్క నాకు మూడు మధ్యాహ్నాలు కూర్చోబెట్టి చెప్పింది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను.

రేవులో పెట్టెలు ముందే తీసుకొని, గది నంబరు చీటీ కట్టి పంపిస్తారు. మనిషికొక కార్డు ఇస్తారు. గది తాళం చెవి అదే, గుర్తింపు చీటీ అదే, ఓడలో ఏమి కొన్నా లెక్క అందులోనే పడుతుంది. (అందుకే జాగ్రత్త. చేతిలో నుండి నోటు పోకపోతే ఖర్చయినట్టే తెలియదు.) పెట్టె కంటికి కనబడకుండా పోయిందని అక్కకు సాయంత్రం దాకా ఒకటే గుబులు. గది ముందు దాన్ని చూసిన తరువాతనే టీ తాగిందట.

మొదట చేయించేది ప్రాణరక్షణ అభ్యాసం. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వేస్తారు. అది వినబడితే ఎక్కడున్నా తమకు చెప్పిన చోటికి చేరాలి. లైఫ్ జాకెట్ ఎట్లా కట్టుకోవాలో చూపిస్తారు. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా ఓడ బండకు తగిలి 32 మంది చనిపోయారు. అప్పటికి కొందరు ప్రయాణికులకు ఈ అభ్యాసమే జరుగలేదు. ఆ తరువాత 2015 నుండి ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే దీన్ని జరిపించాలని ప్రపంచమంతటికి నియమం పెట్టారు. చాలామంది నవ్వుతూ ఫోటోలు తీసుకుంటుంటే బావగారు మాత్రం జాకెట్ దారాలు రెండుసార్లు విప్పి కట్టి చూసుకున్నారట. ఎందుకో అక్కకు అప్పుడు తెలియలేదు.

ఆ రాత్రి అక్కకు కడుపులో తిప్పింది. 107వ కీర్తనలో ఓడవారి తూలుడు గురించి చదివినప్పుడు ఇది మనకెందుకులే అనుకునేదట! మన చెవి లోపల శరీరం ఒరుగుడును కనిపెట్టే భాగం ఒకటి ఉన్నది. గదిలో కూర్చుంటే కళ్లు 'కదలడం లేదు' అంటాయి, చెవి 'కదులుతున్నాము' అంటుంది. ఆ తగవుకే వాంతి వస్తుంది. పైకి వచ్చి దూరాన నీళ్లు, ఆకాశం కలిసే గీతను చూస్తే తగవు తగ్గుతుంది. ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులో ఊపు తక్కువ. ఖాళీ కడుపుతో ఉండక కొంచెం తేలిక తిండి తినాలి. అల్లం ముక్క చప్పరించడం కొందరికి పనిచేస్తుంది. మాత్రలు కదలిక మొదలుకాకముందు వేసుకుంటేనే మేలు. బి.పి., చక్కెర ఉన్నవారు ముందే డాక్టరును అడగాలి.

మరునాడు అంతా నీళ్లే. తీరం దాటాక ఫోనుకు సిగ్నల్ పోయింది. ఇక్కడనే అక్కకు అసలు కష్టం వచ్చింది. తెల్లవారుజామున లేచింది, చేయడానికి పని లేదు. రొట్టెలు చేసేది లేదు, బర్రెకు కుడితి లేదు, మనుమరాండ్లకు జడలు లేవు. పక్క సర్దుదామంటే గది అబ్బాయి వచ్చి సర్దిపోయాడు. "కాళ్లు చేతులు ఎవరివో అన్నట్టు కూసున్న" అన్నది. బావగారు ఎదుట కూర్చున్నారు. ఇద్దరికీ మాట లేదు.

వారి సంగతి మీకు చెప్పాలి. పెళ్లి 1980లో. 1981లో బావగారు దుబాయి పోయారు. 2006లో తిరిగి వచ్చేశారు. రెండేళ్లకొకసారి రెండు నెలల సెలవు. లెక్క వేస్తే ఆ 25 ఏళ్లలో భార్యాభర్తలు కలిసి ఉన్నది సుమారు రెండేళ్లు. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ పక్కల ఇట్లాంటి ఇళ్లు ఎన్నో మీకే తెలుసు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో, కొత్తగా పెళ్లి చేసుకున్నవాణ్ని ఒక సంవత్సరం సేనలోకి పంపకూడదని, వాడు ఇంటివద్ద ఉండి భార్యను సంతోషపెట్టాలని ఆజ్ఞ ఉన్నది. దాన్ని మా పెళ్లి ఆరాధనల్లో ఎందుకు చదవరో నాకు తెలియదు. ఏజెంటుకు కట్టిన పైకం ఆ సంవత్సరం ఆగనియ్యదు మరి.

మధ్యాహ్నం గది అబ్బాయి మళ్లీ తువ్వాళ్లు తెచ్చాడు. మరాఠీ పిల్లవాడు. మా సరిహద్దువారికి మరాఠీ ఇంటి భాషే కనుక అక్క మాట కలిపింది. ఇల్లు చూసి ఎన్ని దినాలైంది బిడ్డా అంటే ఏడు నెలలన్నాడు. ఇంట్లో చిన్న పాప ఉన్నది, పుట్టిన తరువాత చూడలేదన్నాడు. అతడు వెళ్లిపోయాక బావగారు లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. అప్పుడు మాట బయటికి వచ్చింది.

ఆయన 1981లో దుబాయి పోయింది విమానంలో కాదు, ఓడలో. ఇదే ముంబయి రేవు. ద్వారకా అనే ఓడ ఆ రోజుల్లో ముంబయి నుండి కరాచీ మీదుగా గల్ఫ్ రేవులకు తిరిగేది. 1982లో ఆపివేశారు. గది కొనలేని కూలివారు డెక్కు మీదనే చాప పరచుకొని పోయేవారు. రేకుపెట్టె తలకింద పెట్టుకొని, పక్కవాని వాంతి మధ్య పడుకొని ఈయన పోయారు. అక్క నానుతాడు కుదువపెట్టిన పైకంతో టికెట్ కొన్నారు గనుక, తిరిగి పోదామన్నా పోలేనని రాత్రంతా ఏడ్చారట. జాకెట్ ఎట్లా కట్టుకోవాలో తనకు అప్పుడు తెలియలేదట. 42 ఏళ్లలో భార్యకు ఈ మాట చెప్పలేదు. "ఎప్పుడు చెప్పాలె? సెలవుల చెప్తే నువ్వు పోనిస్తవా?" అన్నారట.

అక్క ఊరుకోలేదు. "నువ్వు చెప్పలే. నేను చెప్పింది నువ్వు విన్నవా?" అన్నది. 1984లో వారికి ఒక ఆడపిల్ల పుట్టి, పదకొండో దినాన జ్వరంతో పోయింది. ఉత్తరం దుబాయి చేరేసరికి సమాధి మీద గడ్డి మొలిచింది. తరువాతి సెలవులో వచ్చినప్పుడు ఇల్లంతా చుట్టాలు. సెలవు ముగిసేసరికి మరల గర్భవతి. ఆ పాప మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన ఎత్తలేదంటే మరచిపోయాడని ఈమె, ఈమె ఎత్తలేదంటే మానిందని ఆయన అనుకున్నారు.

ఆ సాయంత్రం భోజనాల గంటకు వారు పోలేదు. పైన ఆటపాటలు మోగుతున్నవట. వీరు గదిలోనే ఉండి, ఒకరి మాటకు ఒకరు అడ్డం వచ్చుకుంటూ, కొంతసేపు కోపంగా కూడా మాట్లాడుకున్నారు. ఎవరు తప్పు చేశారని నేను అడగలేదు. నడిరాత్రి ఆకలైతే పైకి పోయి పెరుగన్నం తిన్నారు.

అపొస్తలుల కార్యములు 27లో పౌలు ఓడ ప్రయాణం మీరు చదివే ఉంటారు. మనము తుపాను దగ్గర, 276 మంది ప్రాణాల దగ్గర ఎక్కువగా ఆగుతాము. నాకు మాత్రం రెండో దినం ముద్దు. ఓడ సీదోనులో ఆగినప్పుడు శతాధిపతియైన యూలి దయ చూపి, ఖైదీగా ఉన్న పౌలును స్నేహితుల వద్దకు పోనిచ్చాడు. ముందు ఏమి రాబోతున్నదో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క దినం తనవారితో కూర్చొని పౌలు ఏమి మాట్లాడాడో లూకా రాయలేదు.

మూడో దినాన ద్వీపం కనబడ్డది. అక్కడి ఇసుక, నీళ్ల రంగు గురించి అక్క చాలా చెప్పింది గాని చోటు చాలదు.

ఊరికి వచ్చిన తరువాతి ఆదివారం ఆరాధన కాగానే ఇద్దరూ సమాధుల తోటకు నడిచారు. ఆ చిన్న సమాధి ఎక్కడున్నదో బావగారికి తెలియదు, వేపచెట్టు పక్కన అక్క చూపింది. బాప్తిస్మం కాకముందే పోయిన పిల్ల గనుక సంఘం పుస్తకంలో పేరు లేదు. తల్లి పెట్టుకున్న పేరు ఉన్నది. రాయి చెక్కేవానికి బావగారే ఆ పేరు కాగితం మీద రాసి ఇచ్చారు.