లైటు వేస్తే ఏమవుతుంది?

కార్తికం మొదలుకుని సంక్రాంతి దాకా మన ఇళ్లలో పొద్దు పొడవక ముందే తెల్లారుతుంది. నాలుగింటికే పెద్దావిడ లేస్తుంది. రగ్గు పక్కకు నెట్టి, చీకట్లోనే కాలితో చెప్పులు వెతుక్కుని, గోడ తడుముకుంటూ నడుస్తుంది. స్విచ్చి చేతికందే దూరంలోనే ఉంది. వేయదు. పరీక్షలకు చదువుకుని మనవడు ఇందాకే పడుకున్నాడు. కోడలు తెల్లారితే ఆఫీసుకు పరుగెత్తాలి. వాళ్ల నిద్ర చెడుతుందేమోనని ఆవిడ బెంగ. తన కాలు మాట ఆ తర్వాతే.

చలికాలంలో ఇంట్లో జారిపడటం గురించి చెప్పుకోవాలంటే నున్నటి టైల్సు కన్నా, సబ్బు నీళ్ల కన్నా ముందు ఈ మొహమాటం గురించే చెప్పుకోవాలి.

చలికి చెమట పట్టదు, ఒంట్లో రక్తనాళాలు ముడుచుకుంటాయి. దాంతో మూత్రం ఎక్కువవుతుంది. రాత్రి ఒకసారి లేచేవారు రెండు మూడుసార్లు లేస్తారు. బిగుసుకున్న మోకాళ్లతో, మూసుకుపోతున్న కళ్లతో ఒక్క ఉదుటున నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. బీపీ మాత్రలు వేసుకునేవారికి ఈ ముప్పు మరీ ఎక్కువ. మంచం అంచున కాసేపు కూర్చుని, కాళ్లు నాలుగుసార్లు ఆడించి అప్పుడు లేవమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. లేవాల్సి వస్తుందని రోజంతా మంచినీళ్లే మానేసేవారూ ఉన్నారు. దానివల్ల నీరసం పెరిగి తూలడం ఎక్కువవుతుందే తప్ప తగ్గదు.

ఇక నేల సంగతి. పాలిష్ పెట్టని తాండూరు బండలు, కడప బండలు కాలికి కాస్త పట్టు ఇచ్చేవి. ఇప్పుడు మొహం కనిపించే టైల్సు లేకపోతే ఇల్లు ఇల్లులా అనిపించడం లేదు. వాటి మీద, పాదాలు చల్లబడుతున్నాయని కూతురు ప్రేమగా కొనిచ్చిన ఊలు మేజోళ్లు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కనుక ఈ రోజుల్లో సీసాను వేడినీళ్లలో పెట్టి, కరిగాక తలకు రాసుకుంటారు. చేతిలోంచి రెండు చుక్కలు బాత్రూమ్ గుమ్మం దగ్గర పడతాయి. అవి అక్కడే మళ్లీ తెల్లగా పేరుకుంటాయి, తెల్లటి టైలు మీద కంటికి ఆనవు. కాసేపటికి అదే దారిన వేడినీళ్ల బకెట్టు మోసుకుంటూ ఎవరో ఒకరు వస్తారు. ధనుర్మాసపు ముగ్గు కోసం తడి వాకిట్లోకి దిగేవారి అరిగిపోయిన హవాయి చెప్పుల గురించి వేరే చెప్పాలా?

2023 డిసెంబరు 7 రాత్రి మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ ఎర్రవల్లిలోని తన ఇంట్లో, బాత్రూమ్‌లో పడిపోయారు. ఎడమ తుంటి ఎముక విరిగింది. మర్నాడు హైదరాబాద్‌లో తుంటి మార్పిడి ఆపరేషన్ చేశారు. కోలుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందన్నారు డాక్టర్లు. చుట్టూ ఎంతమంది ఉన్నా బాత్రూమ్‌లోకి ఎవరూ వెంట రారు కదా. ప్రపంచవ్యాప్తంగా ఏటా దాదాపు 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అరవై దాటినవారే ఎక్కువ.

పడ్డవారు చాలామంది ఆ సంగతి బయటపెట్టరు. నొప్పి ఉన్నచోట ఏదో బామ్ రాసుకుని, అడిగితే ‘నిద్రలో పట్టేసింది’ అంటారు. చెబితే గుడికి వెళ్లనివ్వరని, ఊళ్లో ఇంటికి తాళం వేసి పట్నం తీసుకుపోతారని భయం. ‘చెప్తే వినవు కదా’ అన్న విసుగు ఒకసారి విన్నాక రెండోసారి ఎవరు చెబుతారు? మళ్లీ పడతామేమోనని నడక తగ్గిస్తారు. నడక తగ్గితే కాళ్లలో సత్తువ తగ్గుతుంది. కనుక మొదటిసారి జారినప్పుడు, దెబ్బ తగలకపోయినా సరే, కసురుకోకుండా కూర్చోబెట్టి అడగాలి. కళ్లద్దాల నంబరు మారిందా, కొత్త మాత్రలేమైనా మొదలుపెట్టారా అని చూడాలి.

వీడియో కాల్‌లో ‘జాగ్రత్త నాన్నా’ అనడానికి ఖర్చేమీ లేదు. అందుకే రోజూ అంటాం. ఫాల్స్ సీలింగుకు లక్షలు పోసిన ఇంట్లో, కమోడు పక్కన పట్టుకోవడానికి ఒక స్టీలు కడ్డీ మాత్రం ఉండదు. బిగిద్దామంటే ‘నాకప్పుడే అంత వయసొచ్చిందా?’ అని పెద్దాయనే చిన్నబుచ్చుకుంటారు. తూలినప్పుడు చేతికి దొరికేది తువ్వాలు ఆరేసే రాడ్డు. అది తడి తువ్వాలు బరువుకు బిగించింది, మనిషి బరువుకు కాదు. మరలతో సహా ఊడి చేతిలోకి వస్తుంది. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిన అమ్మకు ఇంకో చిక్కు. పీట వేసుకుని చెంబుతో పోసుకున్న అలవాటు ఆవిడది. అక్కడ మోకాలెత్తు తొట్టి గోడ దాటి తడిలో అడుగు పెట్టాలి. ఆ తొట్టిలో రబ్బరు చాప, గోడకు కడ్డీ ఆవిడ విమానం దిగేలోపే ఉండాలి.

మనిషి కదిలితే దానంతటదే వెలిగే చిన్న దీపాలు ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రెండు పెడితే, ఎవరి నిద్రా చెడకుండా పెద్దావిడ మొహమాటమూ నిలుస్తుంది. సంక్రాంతికి సున్నాలు వేయించే ఇళ్లకు పనివాళ్లు ఎలాగూ వస్తారు. కడ్డీ కోసం గోడకు రంధ్రాలు అప్పుడే వేయించవచ్చు. అలాగే బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకునేలా మార్చమని వడ్రంగిని అడగాలి. లోపల పడ్డ మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే, లోపలికి తెరుచుకునే తలుపును బయటివాళ్లు ఎంత నెట్టినా లాభం ఉండదు. పనిలో పనిగా లోపలి గడియ తీసేసి, బయటి నుంచి కూడా తీయడానికి వీలయ్యే తాళం పెట్టమనాలి.