శ్రీసిటీ చాక్లెట్టులో గోదావరి రైతు వాటా ఎంత?

కోకో చెట్టుకు నీడ కావాలి, గాలిలో తేమ కావాలి. చిత్తూరు మెట్టభూములు దానికి అనువైనవి కావు. అయినా దేశంలోని పెద్ద చాక్లెట్టు కర్మాగారాల్లో ఒకటి తిరుపతి జిల్లాలోనే వుంది. క్యాడ్‌బరీ చాక్లెట్లు అమ్మే మాండలీజ్ కంపెనీ శ్రీసిటీలో దీన్ని 2016 ఏప్రిల్‌లో ప్రారంభించింది. ఇక కోకో పండించడంలో రాష్ట్రం దేశంలోనే ముందున్నది. ఏలూరు, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో ఇది అంతరపంట. పంట మనది, ఫ్యాక్టరీ మనది, తినే పిల్లలూ మనవాళ్లే. అయినా నడుమ వున్న రైతుకు ఏం ముడుతున్నదో అడిగేవారు తక్కువ.

2024లో పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతిన్నది. ప్రపంచ కోకోలో సగానికి పైగా అక్కడి ఐవరీకోస్ట్, ఘనా దేశాలదే. తెగుళ్లు, వాతావరణం కలసి దిగుబడిని కూల్చడంతో ఆ ఏడాది డిసెంబరులో న్యూయార్క్ మార్కెట్‌లో టన్ను ధర 12 వేల డాలర్లు దాటింది. గోదావరి జిల్లాల్లో ఎండు గింజలు కిలో వెయ్యి రూపాయల దాకా పలికాయి. మరుసటి ఏడాదికల్లా సగానికి పడిపోయింది. రైతులు రోడ్డెక్కారు. చివరకు 2025 జూన్‌లో ప్రభుత్వం జోక్యం చేసుకుని కంపెనీలు కిలోకు రూ. 450, ఖజానా రూ. 50 చొప్పున మొత్తం రూ. 500 ఇచ్చేటట్లు ఏర్పాటు చేసింది.

ఈ లెక్క వింటే చిత్తూరు మామిడి రైతుకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియదు. అదే నెలలో తోతాపురి కాయకు గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు రూ. 8, ప్రభుత్వం రూ. 4 అని తేల్చారు. పంట వేరైనా తంతు ఒకటే. కొనేవారు కొద్దిమంది, అమ్మేవారు వేలమంది. ధర పడ్డాక ఖజానా తలుపు తట్టడం.

ఇక దుకాణంలో చాక్లెట్టు ఎంచుకునేవారి సంగతి. ఖరీదైన చాక్లెట్ల మీద క్రియోల్లో, ఫొరాస్టెరో, ట్రినిటారియో అని రకాల పేర్లు కనపడుతుంటాయి. క్రియోల్లో సువాసన గలది, దిగుబడి తక్కువ, తెగులు త్వరగా తగులుతుంది. ఫొరాస్టెరో మొండిది, ప్రపంచంలో ఎక్కువ పంట దానిదే, మన తోటల్లో ప్రధానంగా వున్నదీ అదే. ఈ రెండింటి సంకరం ట్రినిటారియో. పేరు చూసి మురిసిపోవలసిన పని లేదు. కాయ కొట్టి తీసిన గింజను ఐదారు రోజులు పెట్టెలోనో బుట్టలోనో మాగబెట్టి, మధ్యమధ్య తిరగవేసి, తేమ ఏడు శాతానికి మించకుండా ఎండబెడితేనే చాక్లెట్టు వాసన పుడుతుంది. ఈ పని రైతు చేతిలో వున్నది. హైదరాబాదులో 2023లో మొదలైన మనం చాక్లెట్ సంస్థ గోదావరి గింజతోనే పేరు తెచ్చుకున్నది. మన గింజ తక్కువది అనే మాట ఇక చెల్లదు.

ముద్రల విషయం కూడా తెలుసుకోవాలి. కప్ప బొమ్మ వున్న రెయిన్‌ఫారెస్ట్ ముద్ర అడవి, కూలీల విషయంలో నిబంధనలు పెడుతుంది గాని రైతుకు కనీస ధర హామీ ఇవ్వదు. ఫెయిర్‌ట్రేడ్ ముద్రలో ఆ హామీ వుంది. మాండలీజ్ వారి కోకో లైఫ్ కంపెనీ సొంత పథకం. ఐవరీకోస్ట్, ఘనా కోకో ప్రాంతాల్లో 15 లక్షలకు పైగా పిల్లలు ఆ పనుల్లో వున్నారని షికాగో విశ్వవిద్యాలయం వారి అధ్యయనం 2020లో తేల్చింది. అడవులు కొట్టి తోటలు వేసిన దేశాలవి. గోదావరి కోకో వున్న కొబ్బరి నీడలోనే పెరుగుతుంది, దానికోసం కొత్తగా అడవి కొట్టనక్కరలేదు. ఇంత మంచి మాటను ఏ పొట్లం మీదా పెద్ద అక్షరాల్లో వేయకపోవడం విచిత్రం.

పొట్లం వెనుక సన్న అక్షరాలు చదవడం అన్నిటికన్నా ముఖ్యం. సరుకులు ఎక్కువ బరువు నుంచి తక్కువకు వరుసగా రాయాలి. చక్కెర ముందు, కోకో ఎక్కడో చివర వుంటే అది కోకో రుచిగల మిఠాయి. కోకో వెన్నకు బదులు వనస్పతి వంటి కొవ్వు వుంటే రైతుకు ఆమేరకు గిరాకీ పోయినట్లే. లడ్డూలో నెయ్యి గురించి 2024లో దేశమంతా ప్రశ్నించింది. పిల్లల చేతికిచ్చే చాక్లెట్టులో కొవ్వు ఏదని అడగడానికి మొహమాటమెందుకు?

రైతు వాటాను ఇంట్లోనే ఉజ్జాయింపుగా లెక్క కట్టవచ్చు. 50 గ్రాముల మామూలు పాల చాక్లెట్టులో కోకో నాలుగో వంతు అనుకున్నా, పొట్టు తరుగుతో కలిపి 15, 16 గ్రాముల గింజ పడుతుంది. కిలో రూ. 500 చొప్పున ఎనిమిది రూపాయలు. డెబ్బై శాతం కోకో వున్న నల్ల చాక్లెట్టయితే ఇరవై రూపాయల పైచిలుకు. పొట్లం మీది ధర పక్కన పెట్టి చూసుకుంటే చాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి చాక్లెట్ల మీద జి.ఎస్.టి. 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు కొనేవారికోసం వచ్చింది. తోట దగ్గర గింజ ధరకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

కనుక పంట కోతకు రాకముందే ధర నిర్ణయించే సూత్రం బహిరంగంగా ప్రకటించాలి. అంతర్జాతీయ ధర పెరిగినప్పుడు ఎంత, తగ్గినప్పుడు ఎంత అన్నది కొనుగోలు కంపెనీలు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. గింజ మాగబెట్టే పెట్టెలు, ఎండబెట్టే కల్లాలు రైతు సంఘాల పేర మంజూరు కావాలి. శ్రీసిటీలో తయారయ్యే చాక్లెట్టు మీద గింజ ఏ దేశానిదో, మన రాష్ట్రానిదైతే ఏ జిల్లాదో ముద్రించాలి. తిరుపతికి రోజూ వేలాదిగా వచ్చే యాత్రికుల్లో గోదావరి జిల్లాలవారు తక్కువేమీ కారు. తమ తోట గింజ ఏ పొట్లంలో వున్నదో బస్టాండు దుకాణంలో నిలబడి చదువుకునే అవకాశం వారికైనా వుండాలి.